గుండు దక్కితే గెలిచినట్టే!

పది రూపాయల బిళ్ల వేసి పిడి తిప్పితే రంగుల చూయింగ్‌గమ్‌ ఉండ ఒకటి టక్కున జారిపడాలి. పడలేదు. విశాఖలో ఓ షాపింగ్‌ మాల్‌ మెట్ల దగ్గర మా అక్క కూతురు బిక్కమొహం వేసుకుని నిలబడింది. ‘మిషను నా డబ్బులు మింగేసింది మామయ్యా’ అంది. నేనూ తిప్పి చూశాను. పైన గాజులా మెరిసే గ్లోబు, ఎర్రటి స్టాండు... చూడ్డానికి అంతా బ్రహ్మాండం. లోపల ప్లాస్టిక్‌ పళ్లు అరిగిపోయి పిడి ఊరికే గిరగిరా తిరుగుతోంది. మర్నాడు నేను పలాస వెళ్లాలి. ‘నీకు బోలెడంత జీడిపప్పు తెస్తాగా’ అని ఎలాగో ఊరుకోబెట్టాను.

పలాసలో రెండు రోజులు తిరిగాక అర్థమైంది... జీడిపప్పు కార్ఖానాలో ఉండేదీ ఆ చిక్కే! పైన తొట్టిలో గింజలు కుప్పగా పోస్తాం. అవి ఒక్కొక్కటిగా కిందికి దిగాలి, నలగకుండా బయటికి రావాలి. చూయింగ్‌గమ్‌ ఉండలన్నీ ఒకే సైజు కాబట్టి చక్రానికి ఒకే సైజు చిల్లులు పెడితే సరిపోయింది. అమెరికాలో న్యూయార్క్‌ రైలు ప్లాట్‌ఫారాల మీద 1888లోనే గమ్‌ అమ్మే యంత్రాలు పెట్టారు. ఒకప్పుడు మన పెద్ద స్టేషన్లలో రూపాయి వేస్తే బరువు టిక్కెట్టు చేతిలో పెట్టిన రంగుల బల్బుల మిషనూ ఆ వంశంలోదే. జీడిపిక్క అలా కాదు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. వంకర ఆకారం, గట్టి పెంకు, ఆ పెంకులో చర్మాన్ని కాల్చే నూనె. మధ్యలో వేలితో గట్టిగా నొక్కితే రెండయ్యే పప్పు!

రాయి కోసేవాళ్ల ఊరి మీదుగా...

నేరుగా పలాసలో దిగకుండా నౌపడలో దిగిపోయాను. పట్టాల పక్కన ఉప్పుమళ్లు, వాటి గట్ల మీద తెల్లటి కుప్పలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో బయల్దేరింది ఈ స్టేషన్నుంచే. అక్కణ్నుంచి ఆటోలో టెక్కలి. కాలువల్లో నీళ్లు తిరిగే నెలలైతే దగ్గర్లోని తేలినీలాపురం వెళ్లి చింతచెట్ల మీద విడిది చేసే పెలికాన్లను చూసి తీరాలి. నేను వెళ్లింది ఎండాకాలం. కాబట్టి రాళ్లను చూశాను.

‘టెక్కలి బ్లూ’ అని దేశదేశాల్లో పేరున్న నీలిఛాయ గ్రానైట్‌ ఇక్కడిది. షెడ్డులో మనిషంత ఎత్తు బండను వజ్రపు పళ్ల రంపం కోస్తోంది. నీళ్లు ధారగా పడుతుంటే గంటలతరబడి అలా కోస్తూనే ఉంటుంది. పక్కవాడి మాట వినపడదు. ఆ యంత్రాన్ని అంచనా వేయడం తేలికే. బరువైన దిమ్మె, గట్టి బేరింగులు, కంపించని చట్రం. ఎంత మొండిగా ఉంటే అంత మంచిది. షెడ్డు ఆసామి నన్ను ఎక్కడికని అడిగాడు. పలాస జీడి మిషన్లు చూడ్డానికని చెబితే నవ్వాడు. ‘మాది కోస్తే చాలండి. వాళ్లది ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి’ అన్నాడు.

ఆ మాటే నాకు దారి చూపించింది. జీడిపిక్క పెంకు మందం 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. బ్లేడు అంతవరకే దిగాలి. అంతకుమించి వెంట్రుకవాసి దిగినా పప్పు మీద గాటు పడుతుంది, ఒక్కోసారి ఏకంగా రెండు ముక్కలవుతుంది.

ఇంకా పౌండ్ల లెక్కే!

టెక్కలి నుంచి జాతీయరహదారి మీద పాతిక కిలోమీటర్లు దాటితే కాశీబుగ్గ, దానికి ఆనుకునే పలాస. రెండూ కలిసి ఒకే మున్సిపాలిటీ. బస్సు దిగగానే కాల్చిన పెంకుల వాసన పలకరిస్తుంది. ఈ చుట్టుపక్కల రెండువందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. కొన్ని పెద్ద షెడ్లు, కొన్ని ఇంటి వెనక రేకుల పంచలు.

ఇక్కడ బేరమంతా రెండు పదాల చుట్టూ తిరుగుతుంది... గుండు, బద్ద. పప్పు నిండుగా వస్తే గుండు. రెండుగా చీలితే బద్ద. ఆ తర్వాతవి ముక్క, నూక. గుండుకున్న ధర బద్దకు రాదు. గుండులో మళ్లీ నంబర్లున్నాయి. 240 నంబరంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగుతాయి. 320 అంటే ఇంకా చిన్నవి. 180 అయితే లావుపాటివి, పెళ్లిళ్ల పాయసంలో కనపడితే జనం మెచ్చుకునేవి. పౌన్లు మనం వదిలేసి ఎన్నేళ్లయినా జీడి వ్యాపారం వదల్లేదు. ముడిపిక్కల బస్తా మాత్రం 80 కిలోలు. ఆ బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే నాణ్యత లెక్క. 48 పౌన్లు వచ్చిందంటే దాదాపు 22 కిలోలన్నమాట. కిలోలు కొని పౌన్లు అమ్ముకోవడం... తమాషాగా లేదూ!

కాబట్టి కటింగ్‌ మిషను కొనేవాళ్లు దాని రంగూ వేగమూ చూసి మురిసిపోతే కుదరదు. వంద పిక్కల్లో అదనంగా అయిదు బద్దలు చేసే మిషను ఎంత వేగంగా పనిచేస్తే అంత వేగంగా నష్టం తెస్తుంది.

కాలికి తెలుస్తాది!

మొదట వెళ్లింది పాతకాలం షెడ్డుకి. ముందురోజు ఆవిరికి ఉడికించి చల్లార్చిన పిక్కలు గోనెల మీద పరిచున్నాయి. వెనకటికైతే పెనంలోనో డ్రమ్ములోనో కాల్చి, చెక్క సుత్తితో కొట్టి పప్పు తీసేవారు. ఇప్పుడు ఆవిరి పద్ధతి ఎక్కువ. వరసగా ఇనుప బల్లలు. ఒక్కోదాని మీద ఎదురెదురుగా రెండు చిన్న బ్లేడ్లు, పిక్క నడుం వంపుకు సరిపోయేలా వంగినవి. కింద కాలితో తొక్కే పెడలు. పక్కన చేత్తో లాగే పిడి.

యాభై ఏళ్లు పైబడిన ఒకామె ఎడంచేత్తో పిక్క పెట్టడం, కాలు నొక్కడం, పిడి తిప్పడం అన్నీ ఒకే కదలికలా చేస్తోంది. పెంకు రెండుగా విడిపోయి పప్పు బుట్టలోకి. నేను లెక్కపెట్టే లోపే మూడు అయిపోతున్నాయి.

‘ఎంత నొక్కాలో ఎలా తెలుస్తుందమ్మా?’ అన్నాను.

‘నానేటి సూస్తాను బాబూ... కాలికి తెలుస్తాది’ అంది, తల ఎత్తకుండానే.

ఆ మిషనులో ప్లాస్టిక్‌ అన్నది మచ్చుకైనా లేదు. బల్ల, రెండు స్ప్రింగులు, నాలుగు బోల్టులు, బ్లేడ్లు. ఏది పాడైనా వీధిచివర వెల్డింగ్‌ షాపులో పని జరుగుతుంది. అన్నేళ్లుగా నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. గట్టితనంలో దీనికి పేరుపెట్టలేం. మరి దీన్ని నడిపే చేతులు? జీడినూనె పడితే చర్మం పొక్కుతుంది. బ్రేకు లైనింగులకూ రంగులకూ వాడే ఘాటైన సరుకది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని పనికి కూర్చుంటారు. అయినా ఆమె బొటనవేలు, చూపుడువేలు చివర్లు నల్లబడి గీతలు చెరిగిపోయి ఉన్నాయి. మిషను గురించి రాసేటప్పుడు ఇనుము గట్టిదని చెప్పి ఊరుకోవడం నాకు అన్యాయం అనిపించింది. అరగాల్సింది మిషనులో భాగం, అరిగింది మనిషి వేలు.

నాణెం కదలకూడదు

రెండో షెడ్డు పారిశ్రామికవాడలో. మోటారు మిషన్ల చప్పుడులో మాట్లాడాలంటే అరవాల్సిందే. పైన తొట్టి. అందులోంచి గొలుసుకు అమర్చిన గిన్నెలు పిక్కను ఒక్కొక్కటిగా పట్టుకుని బ్లేడ్ల జతల దగ్గరికి తెస్తాయి. తెగినవి జల్లెడ మీద పడి పెంకు ఒకవైపు, పప్పు ఒకవైపు, తెగనివి మళ్లీ తొట్టిలోకి. మాల్‌లో చూసిన గ్లోబు మిషనుకు అన్నగారు అనుకోండి!

కాకపోతే ఈ అన్నగారికి కాలు లేదు, తెలియడానికి. అందుకే ముందుగానే పిక్కల్ని చిల్లుల డ్రమ్ములో దొర్లించి సైజులవారీగా వేరుచేస్తారు. ఒక్కో సైజుకు ఒక్కో మిషను, దానికి తగ్గ బ్లేడు సందు. సైజులు కలిసిపోయాయా... చిన్నవి తెగకుండా జారిపోతాయి, పెద్దవి లోపల పప్పుతో సహా తెగుతాయి.

యజమాని షెడ్డులో ఉన్న మూడు రకాల మిషన్లనూ వరసగా చూపించారు. ఒకటి పల్చటి రేకు మీద రంగు వేసినది. రెండేళ్లకే రంగు లేచిపోయి, జీడినూనె తగిలినచోటల్లా తినేసింది. తొట్టి మూలల్లో జిగురు గట్టిపడి పిక్కలు అంటుకుపోతున్నాయి. ఇంకోటి దళసరి చట్రం, పిక్క తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్‌ స్టీలు. తుడిస్తే చాలు. మూడోది చూడ్డానికి అందంగానే ఉంది. దాని గిన్నెలు మాత్రం ప్లాస్టిక్‌వి. ఒకటి విరిగితే దూరం నుంచి తెప్పించుకోవాల్సిందే, అందాకా ఆ వరస ఖాళీ. మూడింటి వేగమూ కాగితం మీద ఇంచుమించు ఒకటేనట.

‘కొనేముందు ఎలా పరీక్షిస్తారు?’ అని అడిగా. ఆయన జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నడుస్తున్న మిషను చట్రం మీద పడుకోబెట్టారు. పల్చటి రేకుదాని మీద బిళ్ల మెల్లగా పాకుతూ అంచు దాకా వచ్చి కింద పడింది. దళసరిదాని మీద ఉన్నచోటే వణుకుతూ ఉండిపోయింది. ‘చట్రం ఊగితే బ్లేడు ఊగుతుంది, బ్లేడు ఊగితే గుండు బద్దవుతుంది. ఈ రూపాయి నాకు నేర్పడానికి చాలా ఖర్చయిందండి’ అన్నారు నవ్వుతూ. మొదటి మిషను ఆయన అప్పుచేసి కొన్నదే మరి!

ఆయన ఒక్కరి కథే కాదిది. 1970ల్లో టాంజానియా దేశం ప్రపంచబ్యాంకు రుణంతో ఇటలీ, జపాన్‌ యంత్రాలు తెచ్చి భారీ జీడి కర్మాగారాలు కట్టింది. తోటల్లో పంట పడిపోవడం ఒకవైపు, యంత్రాలు పప్పును పగలగొట్టడం మరోవైపు... 1980ల మధ్యకల్లా చాలావాటికి తాళాలు పడ్డాయి. అక్కడి ముడిపిక్కలు ఓడలెక్కి మనదేశంలో ఆడవాళ్ల చేతుల్లోకే వచ్చాయి. ఆ తర్వాత వియత్నాం యంత్రాల్ని దారికి తెచ్చి ఎగుమతుల్లో మనల్ని దాటేసింది. ఇప్పుడు పలాసలో మోటారు మిషన్లు మోగుతున్నది ఆ పోటీ వల్లే.

అప్పుడు కటింగ్‌ బల్లల దగ్గరి ఆడవాళ్లు? కొందరు పొట్టు తీసే గదిలోకి, ఏరే గదిలోకి మారారు. వేడి డ్రయ్యర్లో ఆరిన పప్పు పొరను గోటితో, చిన్న కత్తితో వలవాలి. కిలోల లెక్కన కూలి. అక్కడ కూర్చున్న ఒకామె భర్తకు డయాలసిస్‌ నడుస్తోంది. ఉద్దానంలో ఆ మాట వినని ఊరు తక్కువ. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆయన్ని అక్కడికి తీసుకెళ్లే రోజుల్లో ఈమెకు కూలి లేదు. గాలిపీడనంతో పొట్టు ఊడగొట్టే మిషన్లూ వచ్చేశాయని ఆమెకు తెలుసు. ‘అదీ బద్దలు చేస్తాదంట కదా బాబూ?’ అని ఆశగా అడిగింది. కొంత చేస్తుంది. అవునన్నాను. ఆమె మొహం తేలికపడింది.

తోటలో దొరికే సైజులు

సాయంత్రం వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, పనస, జీడి... వాటి మధ్య ఇసుకదారులు, చివర అక్కుపల్లి దగ్గర సముద్రం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది ఈ పక్కనే. తాతలనాటి జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అంటుమొక్క నాటినా కాపు చూడ్డానికి మూడేళ్లయినా పడుతుంది.

చెట్టు కింద ఏరిన పిక్కల్ని దోసిట్లో పట్టి చూపించాడో రైతు. ఒకే చెట్టువే, మూడు సైజులున్నాయి. స్థానిక పంట చాలక కార్ఖానాలు ఆఫ్రికా పిక్కలు తెప్పించుకుంటాయి. అవి వచ్చినప్పుడల్లా మిషన్ల బ్లేడ్లు మళ్లీ సరిచేసుకోవాలి. బయటి సరుకు వల్ల తన బస్తాకు ధర రావడంలేదన్నది రైతు బాధ. అది లేకపోతే మిషను ఆగిపోతుందన్నది యజమాని బాధ. ఈ తగువులో నేను రైతు పక్షమే. కానీ పొట్టు గదిలో ఆమెకు పని ఏడాది పొడుగునా దొరుకుతున్నది ఆ ఆఫ్రికా బస్తాల వల్లేనని కూడా ఒప్పుకోవాలి.

తిరిగి కాశీబుగ్గ చేరేసరికి చీకటిపడింది. పప్పు కొన్నాను, 240 నంబరు గుండు. దుకాణం పక్కనే ఓ లేతు షాపు. లోపల గోడకు దండల్లా వేలాడుతున్నాయి అరిగిన జీడి బ్లేడ్లు. చేతిమిషనువీ మోటారుమిషనువీ కలిసే ఉన్నాయి. ఒక కుర్రాడు మోటారు సైకిల్‌ మీద ఆదరాబాదరాగా వచ్చి గుడ్డలో చుట్టిన బ్లేడ్లు బల్లమీద పెట్టాడు.

‘అన్నా, పొద్దున్నకి కావాలి. పిక్కలు ఉడికించేశారు, నలభైమంది వస్తారు.’

మేస్త్రి బ్లేడును బల్బు వెలుగులో తిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలు రాశాడు. ‘తిని రా’ అని సానరాయి మోటారు స్విచ్చి వేశాడు.