గదిలో స్నానం ఉందా?

కినొసాకికి నేను షిగా నవోయా కోసం వెళ్లాను. 1913లో టోక్యోలో యమనోతె లైను రైలు తగిలి గాయపడ్డ ఈ రచయిత, కోలుకోవడానికి ఈ వేడినీటి బుగ్గల ఊరికొచ్చి మూడు వారాలున్నాడు. ఆ అనుభవంతో రాసిన ‘కినొసాకిలో’ అనే చిన్న కథ 1917లో వచ్చింది. చచ్చిపడున్న తేనెటీగ, నీళ్లలో ప్రాణం కోసం కొట్టుకుంటున్న ఎలుక, తను ఊరికే విసిరిన రాయి తగిలి చచ్చిపోయిన నీటిబల్లి. కథంతా దాదాపు ఇంతే. అది చదివిన రోజు నుంచీ కినొసాకి అంటే నాకు ఒక ఒంటరి గది, ఒక కిటికీ.

కానీ బస వెతికేటప్పుడు నేను మొదట చూసింది కిటికీ కాదు, గదిలో స్నానం ఉందా లేదా అని. అక్కడి స్నానశాలల్లో మగవాళ్లకీ ఆడవాళ్లకీ వేరువేరే అయినా, నలుగురి మధ్యా బట్టలన్నీ విప్పాలి. నూతి దగ్గర కూడా తువ్వాలు కట్టుకునే స్నానం చేసే ఇంట్లో పెరిగినవాణ్ణి. నా వల్ల కాదనుకున్నాను.

తీరా చూస్తే, లోపల స్నానం ఉండొచ్చా లేదా అని ఆ ఊరే 23 ఏళ్లు తగువులాడుకుంది.

శతాబ్దాల పాటు అక్కడి బసల్లో గదులే ఉండేవి. స్నానానికి అందరూ వీధిలోకి రావాల్సిందే. గాయపడ్డ కొంగ ఒకటి ఆ నీళ్లలో కాలు నయం చేసుకుంటుంటే చూసి జనం బుగ్గను కనుక్కున్నారని ఒక స్నానశాల గురించి కథ కూడా ఉంది. 1925 మే 23న భూకంపం వచ్చింది. వెంటనే మంటలు. ఊరు బూడిదైంది. మళ్లీ కట్టుకుంటున్న రోజుల్లో, 1927లో, ఒక బస తన ఆవరణలోనే స్నానపుగది పెట్టుకుంది. పేరు మికియా. షిగా దిగిన బస అదే!

నా నేలలో ఊరే నీళ్లు నావి కాదా అన్నది వాళ్ల వాదన. బుగ్గ ఊరందరిదీ అన్నది ఊరి వాదన. అందరూ లోపలే తోడుకుంటే వీధిలోకి ఎవరొస్తారు? వ్యవహారం కోర్టుకెక్కి, 1950లో రాజీతో ముగిసింది. నీళ్లు ఊరివి. లోపల స్నానాలు ఉండొచ్చు, కాకపోతే చిన్నవిగా. ఇప్పటికీ పెద్ద స్నానాలు వీధిలోనే. ఊళ్లో బస చేసినవాళ్లకు అన్నీ ఉచితం. స్టేషనే గుమ్మం, వీధులే వసారాలు, బసలే గదులు, ఊరంతా కలిపి ఒకటే బస అని చెప్పుకుంటారు.

1927లో అక్కడుంటే నేను మికియా వైపే ఉండేవాణ్ణేమో. మొదటిరాత్రి, అందరూ పడుకున్నాక, నా బసలోని చిన్న తొట్టిలో స్నానం చేశాను. ఆ రాజీ నాలాంటి బిడియస్థుడి కోసమే అనిపించింది.

ఆ తర్వాత కథ మళ్లీ చదివాను. తేనెటీగను షిగా బసలోంచే చూశాడు. ఎలుక, నీటిబల్లి మాత్రం నడకలో ఎదురైనవి. 1913లో ఆయన కూడా స్నానానికి వీధిలోకి రావాల్సినవాడే. నేను ఊహించుకున్న ఒంటరి గది కథలో ఉన్నది కొంచెమే.

రెండోరోజు సాయంత్రం యుకతా కట్టుకుని, చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ కాలవ పక్క విల్లో చెట్ల కింద నడిచి ఇచినొయుకి వెళ్లాను. తువ్వాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నీళ్లలో నిలబడిపోతే, ఒక ముసలాయన తన నెత్తి చూపించాడు. మడిచి నెత్తిన పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నా వైపు ఇంకెవరూ చూడలేదు.