అవ్వ దోసిలి

మాది మార్కాపురానికీ కంభానికీ నడుమ ఒక మాదిగపల్లె. నేనిప్పుడు ఉండేది కాలిఫోర్నియాలో. నా పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. కరోనా వచ్చి, ఆ తర్వాత వీసా కాగితాల పీకులాట వచ్చి, ఐదేళ్ళు ఊరి మొహం చూడలేదు. 2024 జూన్‌లో బడికి సెలవులివ్వంగానే బయల్దేరాం. పిల్లకు పదేళ్ళు, పిల్లోడికి ఆరు.

హైదరాబాదుకు అన్న కారు తెచ్చాడు. సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా దారి. పిల్లోడు రెండుసార్లు కక్కుకున్నాడు. నల్లమల కొండలు కనపడేసరికి నాకు ఏడుపొచ్చింది. పిల్లలకు మాత్రం ఎండ, దుమ్ము, ఎండిపోయిన వాగులే కనపడ్డాయి.

ఇంట్లో అడుగుపెట్టంగానే అమ్మ చెప్పిన మొదటి మాట, "పిల్లోల్లకు బోరునీళ్ళు పొయ్యబాకండి" అని. వాళ్ళ కోసం నీళ్ళ టిన్నులు కొని పెట్టింది. తను మాత్రం బోరునీళ్ళే తాగుతుంది. మా నేలలో ఫ్లోరైడు ఉంది. అమ్మ పళ్ళు గారపట్టి, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి వేశారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. కృష్ణ నీళ్ళొస్తాయని మా పల్లెలో సంబరపడ్డారు. కొండ తొలిచిన సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. మేం పోయేనాటికి నీళ్ళింకా రాలేదు.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. మార్కాపురం పలకలు ఓడలెక్కి దేశదేశాలకు పోయాయి. ఎక్కడెక్కడి పిల్లలో వాటిమీద అక్షరాలు దిద్దుకున్నారు. నాయనకు వేలిముద్రే. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద గూడా రాతిపిండి ఉండేది. దగ్గి దగ్గి పోయాడు. అమ్మ ఇప్పటికీ ఒక పలక దాచుకుంది. పిల్లోడి చేతికిచ్చి "మీ తాత కోసిన రాయిరా" అంది. వాడు వేలితో జరిపి చూశాడు, బొమ్మలు కదుల్తాయేమోనని. అందరం నవ్వాం.

మూడోరోజు అమ్మ పిల్లల్ని ఊళ్ళోకి తీసకపోదామంది. రెడ్డోరింటికి. నాకిష్టం లేదు. "నీ కౌన్సిలింగుకు డబ్బులిచ్చింది ఆయమ్మేగా, సూపిచ్చొద్దాం" అంది. ఇచ్చింది నిజమే, ఐదువేలు, వడ్డీకి. మూడేళ్ళు మిరపకోతలకు పోయి అమ్మే తీర్చింది. అయినా అమ్మ కండ్లల్లో ఒక ఆశ ఉంది, నా బిడ్డ బిడ్డల్ని ఊరు చూడాలని. కాదనలేకపోయాను.

రెడ్డెమ్మ బాగానే పలకరించింది. వాళ్ళ కొడుకు గూడా అమెరికాలోనే ఉన్నాడు. "మీకు ఆడ మావోడు కనపడతాడా?" అనడిగింది. నన్నూ పిల్లల్నీ వసారాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, పేపరు గ్లాసుల్లో చల్లని డ్రింకు ఇచ్చింది. అమ్మ అరుగు కింద నిలబడే ఉంది. ఎండకు గొంతెండి, "రొన్ని మంచినీళ్ళమ్మా" అంది. అని, దోసిలి పట్టింది. ఎవరూ పట్టమనలేదు. రెడ్డెమ్మ చెంబు తెచ్చి పైనుంచి పోసింది. ఆమెనూ ఎవరూ పొయ్యమనలేదు.

నా కూతురు గట్టిగా అడిగింది, "అమ్మా, అవ్వకు గ్లాసెందుకివ్వలేదు?"

ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడాను. "అవ్వకు అట్టా తాగడం అలవాటులే" అన్నాను.

ఆ మాట అన్నది నేను. చదువుకున్నదాన్ని. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరంలో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, అమెరికాలో అదే మొదటి నగరమని స్నేహితురాళ్ళకు ఫోన్లు చేసినదాన్ని. ఆ ఏడే కాలిఫోర్నియాలో బిల్లు సభల్లో గెలిచి గవర్నరు దగ్గర ఆగిపోతే నిద్రపోనిదాన్ని. కానీ అక్కడి తెలుగువాళ్ళ పుట్టినరోజు పండగల్లో "మీరేమిట్లు?" అని అడిగితే "క్రిస్టియన్లం" అని తప్పించుకున్నదాన్ని గూడా నేనే. నా పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పకపోతే అంటదనుకున్నాను.

దారిలో అమ్మ ఏం మాట్లాడలేదు. రాత్రి మిద్దె మీద పడుకున్నాక పిల్ల మళ్ళీ అదే అడిగింది. అమ్మ నావైపు చూసి, "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అంది.

నేనే మొదలుపెట్టాను. మనం మాదిగలం అన్నాను. ఊరికి దూరంగా ఈ పల్లె ఎందుకుందో, చెప్పులు కుట్టిన చేతులు ముట్టుకున్న చెంబును ఎందుకు బయటపెట్టారో చెప్పాను. తర్వాత అమ్మ అందుకుంది. 1985 జూలై 17న, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా అది. నేనప్పుడు ఒళ్ళోపిల్లను. "ఆ కబురు తెలిసినాక శానాదినాలు మీ తాత గొడ్డలి తలకాడ పెట్టుకోని పండుకున్నాడు" అంది అమ్మ. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

పిల్లకు సగమే అర్థమైంది. చాలాసేపు ఊరుకుని, "మరి నువ్వు అవ్వకు అలవాటని ఎందుకన్నావు?" అంది.

"భయపడి" అన్నాను. అంతకన్నా వేరే జవాబు లేదు.

బయల్దేరే ముందురోజు రెడ్డెమ్మ పిల్లలకని అరిసెలు పంపించింది. అమ్మ తీసుకుంది. ఆ పూట చేలో పని చూడను పోతూ ఒక స్టీలు గ్లాసు కొంగున మూటగట్టుకుంది.

"ఎందుకవ్వా?" అన్నాడు పిల్లోడు.

"మీ అక్క అడిగింది గదరా" అంది అమ్మ.