యమునలో గుర్తొచ్చిన రాయలసీమ

1952లో చంద్రలేఖ గారి అరంగేట్రం రాయలసీమ కరువు సహాయనిధి కోసం జరిగింది. 'మధురా నగరిలో' అనే మన తెలుగు పాటకు ఆవిడ యమున నీళ్ళను అభినయిస్తున్నారు. ఉన్నట్టుండి, పేపర్లో చూసిన ఫోటోలు గుర్తొచ్చాయట: నెర్రెలిచ్చిన నేల, చిన్న చిన్న డబ్బాలు పట్టుకుని నీళ్ళకోసం బారులు తీరిన జనం. ఒళ్ళు బిగుసుకుపోయిందని తర్వాత ఆవిడే చెప్పుకున్నారు.

మా అమ్మమ్మది అనంతపురం వైపు పల్లె. ఆ కరువులో గంజి కేంద్రం దగ్గర వరుసలో నిలబడిన పిల్లల్లో తనూ ఉంది. ఈ సంగతి చదివి వినిపిస్తే, "ఆ యమ్మ ఎవరో గానీ మనసుండే మనిషిలే" అంది. అంతే, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

ఎల్లప్ప పిళ్ళై దగ్గర అంత శ్రద్ధగా నేర్చుకున్నావిడ, కొన్నాళ్ళకు వేదికకే దూరమయ్యారు. 1985లో 'అంగిక'తో తిరిగొచ్చారు. భరతనాట్యం పక్కనే కలరిపయట్టు, యోగా వచ్చి చేరాయి. ఆవిడ చూపు కథల మీద కాదు, మనిషి ఒంటి మీద, దాని బలం మీద. 2006లో పోయేదాకా మన చెన్నైలోనే, బెసెంట్ నగర్ సముద్రం ఒడ్డునే ఉన్నారు.

కథ తీసేస్తే ఇంక మిగిలేదేమిటని మా డ్యాన్స్ టీచరు వాదిస్తారు. ఆడపిల్ల రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడడం మిగులుతుంది కదా అని నేనంటాను. కాలేజీ డేకి నాకిచ్చింది మాత్రం ఆ పాటే. నీళ్ళు చల్లే చోట ఇంకాస్త నవ్వమంటున్నారు.