ఒక్క మెతుకు పట్టి చూస్తే

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని మా మత్తూరులో ఎన్నికల గాలి తగిలిందంటే ప్రతి టీ అంగడీ ఒక సర్వే ఆఫీసే. ‘ఏమప్పా, ఈ తూరి ఎవరు?’ అని ఒకరు కదిలిస్తారు. గ్లాసులో టీ చల్లారేలోపల తీర్పు వచ్చేస్తుంది, మెజారిటీతో సహా. పక్క ఊరి అంగడిలో ఇంకో తీర్పు. రెండింటిలో ఏది తప్పినా అడిగేవాళ్లు లేరు, టీ డబ్బులు ఇచ్చి లేచిపోవడమే.

టీవీలో జోస్యం చెప్పేవాళ్లకు ఆ సుఖం లేదు పాపం. లగడపాటి రాజగోపాల్ గారు గుర్తున్నారు కదా, ఆంధ్రా ఆక్టోపస్ అని పిలిపించుకున్నాయన. 2018లో తెలంగాణలో ప్రజాకూటమి గెలుస్తుందన్నారు. 119 సీట్లలో టీఆర్‌ఎస్‌కే 88 వచ్చాయి. 2019లో ఆంధ్రాలో తెలుగుదేశం అన్నారు. వైఎస్సార్‌సీపీకి 151, తెలుగుదేశానికి 23. ఇక 2024 జూన్ 1 సాయంత్రం సంగతి. చివరి ఓటు పడేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదని చట్టం ఉంది కాబట్టి, అందరూ ఆ సాయంత్రం కోసం కాచుక్కూచున్నారు. పేరున్న యాక్సిస్ మై ఇండియా ఎన్డీఏకి 361 నుంచి 401 దాకా వేసింది. జూన్ 4న లెక్క తేలితే 293. ఆ సంస్థ అధిపతి ప్రదీప్ గుప్తా టీవీలో అందరూ చూస్తుండగా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదే ఎన్నికల్లో ఆంధ్రా అసెంబ్లీకి కేకే సర్వే అనే చిన్న సంస్థ తెలుగుదేశం కూటమికి 161 అంటే జనం నవ్వారు. 164 వచ్చాయి!

సరే, ఎవరు గెలుస్తారన్నది మూడు రోజులు ఓపిక పడితే ఎలాగూ తెలిసిపోయే విషయం. దానికి ఇంత ఆర్భాటం దేనికో నాకు ఎప్పుడూ అర్థం కాదు. సర్వే అసలు పని వేరే ఉంది.

ఆ పనికి ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ‘140 కోట్ల మందిలో పదివేల మందిని అడిగి దేశం మాట అంటారేంది? నన్నెవరూ అడగలేదే!’ అని మీరూ అనుంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినాల్నా? ఒక్క మెతుకు చాలు. అయితే కుండను కింద నుంచి పైకి బాగా కలియబెట్టి ఉండాలి, అదీ మెలిక. సరిగ్గా కలిపి తీస్తే వెయ్యి మందితో ఇంచుమించు 3 శాతం అటూ ఇటూగా నిజం దొరుకుతుంది. పదివేల మందితో 1 శాతం. కలపకుండా తీస్తే లక్షలమందిని అడిగినా దండగే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారని కోటి మందికి ఉత్తరాలు వేసింది. ఇరవై మూడు లక్షల పైచిలుకు జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద నిలబడ్డ ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్ల జాబితా, కార్ల జాబితా పట్టుకుని ఉత్తరాలు వేశారు మరి. ఆ కరువు రోజుల్లో కారున్నవాడు ఎవడు? అదే ఏడాది జార్జ్ గాలప్ అంతకంటే చాలా తక్కువ మందిని, అన్ని తరగతుల్లోనూ వెతికి అడిగి, గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు.

ఇప్పుడు అసలు పనికొద్దాం. 2024 ఎన్నికల ముందు సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల లోక్‌నీతి 19 రాష్ట్రాల్లో 10,019 మందిని, మీకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏదని అడిగింది. నిరుద్యోగం అన్నవాళ్లు 27 శాతం, ధరలు అన్నవాళ్లు 23 శాతం. అప్పట్లో టీవీ పెడితే రాముడి గుడి తప్ప ఇంకో మాట లేదు. ఆ గుడి ప్రస్తావన తెచ్చింది 8 శాతమే. ఉద్యోగం దొరకడం కష్టమైపోయిందని 62 శాతం చెప్పారు. ఫలితాలు వచ్చి 240 దగ్గర బీజేపీ ఆగిపోయాక నిపుణులంతా ఆశ్చర్యపోయారు. ఈ అంకెలు ఏప్రిల్‌లోనే అచ్చయి ఉన్నాయి. చదివినవాళ్లు తక్కువ. గెలుపోటముల అంకెకున్న గిరాకీ కష్టసుఖాల అంకెకు లేదు.

అడిగే తీరులోనూ కిటుకుంది. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు సీవోటర్ అనే సర్వే సంస్థతో కలిసి 2021-22లో మన దేశంలో 4,619 మందిని గ్లోబల్ వార్మింగ్ గురించి కదిలించారు. దాని గురించి కొద్దిగానే తెలుసనీ, అసలు విననే లేదనీ అన్నవాళ్లు 54 శాతం. ఇక్కడితో ఆపేస్తే మన పల్లెలకు ఏమీ తెలియదని పత్రికలు రాసుకునేవి. వాళ్లు ఆపలేదు. భూమి వేడెక్కడం, వాతావరణం మారడం అంటే ఇదీ అని నాలుగు మాటల్లో చెప్పి మళ్లీ అడిగారు. ఔను, జరుగుతోంది అన్నవాళ్లు 84 శాతం! మా వైపు మామిడి రైతుకు పేరుతో పనేముంది? పూత ఎప్పుడొచ్చింది, వాన ఎప్పుడు పడింది అని అడిగి చూడండి, పొద్దుగూకేదాకా చెప్తాడు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2024లో 77 దేశాల్లో 73,000 మందికి పైగా అడిగితే, వాతావరణ మార్పు విషయంలో మా ప్రభుత్వాలు ఇంకా గట్టిగా పూనుకోవాలని ఐదుగురిలో నలుగురు అన్నారట. అడగడానికి 87 భాషలు వాడారు. నాకు ఆ 80 శాతం కంటే ఈ 87 భాషలే ముచ్చటగొలిపాయి.

ఎందుకంటే మన పరిస్థితి చూడండి. 2011 లెక్కల్లో కృష్ణగిరి జిల్లా జనాభా 18.8 లక్షలు. దేశమంతటికీ పదివేల మందిని తీస్తే మన జిల్లా వాటాకు వచ్చేది పదిహేను మంది. వాళ్లు కూడా రాకపోవచ్చు, ఎందుకంటే సర్వేకు కొన్ని ఊళ్లనే ఎంచుకుంటారు. సర్వేవాళ్లు మన ఊరికే వచ్చారనుకోండి, అడగడానికి వచ్చిన పిల్ల తమిళంలో అడుగుతుంది, మనమూ తమిళంలోనే బదులిస్తాం, మర్యాదగా, క్లుప్తంగా. ఇంటి ఆవిడను అడిగితే వాకిట్లో కూచున్న ఆయన బదులిస్తాడు. అందుకే లోక్‌నీతి వాళ్లు ఓటు ఎవరికన్న ప్రశ్న వచ్చేసరికి చేతికి నకిలీ బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయమంటారు. చుట్టుపక్కలవాళ్లు వింటుంటే నిజం గొంతులోనే ఆగిపోతుందని వాళ్లకు బాగా తెలుసు.

ఫలితాల్లోనూ మనం కనబడం. 2024లో తమిళనాడులో 39 లోక్‌సభ సీట్లకు 39 డీఎంకే కూటమివే అయినప్పుడు, మన కృష్ణగిరి అందులో ఒక అంకె. ఇక్కడ నిలబడ్డ గోపీనాథ్ గారు లక్షా తొంభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తర్వాత లోక్‌సభలో లేచి తెలుగులో ప్రమాణం చేసేసరికి, కృష్ణగిరిలో తెలుగు ఉందా అని ఢిల్లీవాళ్లు వెతుక్కున్నారు. 2011 జనగణనలోనే ఉంది కదయ్యా, తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల మంది!

ఆ జనగణనలో మెతుకుల లెక్క లేదు, కుండంతా లెక్కే. ఈసారి దానికి ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. లెక్క రాసుకోవడానికి వచ్చే మాస్టారు తమిళంలో మాట్లాడతారు, మనమూ అదే భాషలో బదులిస్తుంటే మాతృభాష దగ్గర ఆయన తనకు తోచింది నింపేసే ప్రమాదం ఉంది. ఆ గడి ఒక్కటి నోరు తెరిచి చెప్పండి. తమిళం, కన్నడం కూడా వచ్చని చెప్పుకోవడానికి పక్కనే చోటుంది, వచ్చిన ఇతర భాషలు రెండు దాకా రాస్తారు. రాసింది ఒకసారి చదివి వినిపించమనండి, మాస్టారేమీ అనుకోరు. అమ్మను కూడా పిలిచి కూచోబెట్టండి, ఆమె గడి ఆమే చెప్పుకుంటుంది.