ముందు చక్రం

మన కళాశాల వార్షిక సంచికకు ఏటా తెలుగు శాఖ తరఫున ఒక వ్యాసం సమర్పించడం నా వంతుగా వస్తున్నది. ఇంతవరకు ప్రబంధాలను గూర్చి, శతకాలను గూర్చి వ్రాశాను. ఈ యేడు సంపాదక వర్గంలోని విద్యార్థులు వచ్చి, "సార్, క్రీడలను గూర్చి ఎవరూ వ్రాయడం లేదు, మీరైనా వ్రాయండి" అన్నారు. నేను క్రికెట్టు ఆడి ఎరుగను. కబడ్డీలో నన్ను ఏ జట్టువారూ పిలిచి చేర్చుకొనలేదు. నాకు కొంత తెలిసినది సైకిలు పందెం ఒక్కటే. అందులోనూ నేను పాల్గొన్నది ఒకే ఒక్కసారి. ఆనాడు నేను చేసిన పనిని ఇంతవరకు కాగితం మీద పెట్టలేదు.

మాది జలదంకి. మా అబ్బాకు బస్సులు ఆగేచోట చిన్న సైకిలు షాపు ఉండేది. గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం, పంక్చర్లు వేయడం, చక్రం బెండు తీయడం, ఇదీ మా జీవనం. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చేచోటు కనిపెట్టే విద్య నాకు అక్షరాలకంటె ముందే అబ్బింది. మా ప్రాంతంలో ఆషాఢం మొదలు శ్రావణం గడిచేదాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. కావలి నుంచి మా ఊరికి తిరిగివచ్చే వేళ ఆ గాలి ఉదయగిరి కొండల వైపు నుంచి తిన్నగా ముఖాన కొడుతుంది. ఒంటరిగా తొక్కేవాడికి దారి రెండింతలైనట్లు తోస్తుంది. అందుచేత పిల్లలం నలుగురం కూడినప్పుడు ఒకడి వెనుక ఒకడుగా తొక్కేవాళ్లం. ముందున్నవాడు ఒక కిలోమీటరు రాయి నుంచి మరొక రాయి వరకు గాలిని ఎదుర్కొని, అలసిన పిదప ప్రక్కకు జరిగి వరుస చివరకు చేరేవాడు. తరువాతివాడు ముందుకు వచ్చేవాడు. మాకు ఎవరూ నేర్పలేదు. ప్రపంచంలోని సైకిలు పందేల విద్య యావత్తూ ఈ చిన్న ఉపాయం మీద నిలిచి ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

సైన్సు విద్యార్థులకు ఇది సులభంగానే బోధపడుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఆ వేగాన్ని నిలబెట్టుకొనడానికి గాలిమీద వెచ్చించవలసిన శక్తి ఎనిమిదింతలు. ముందు సైకిలును అంటిపెట్టుకొని వెనుక తొక్కేవాడికి ఆ శ్రమలో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు దాకా కలిసివస్తుంది. నేలపట్టుకు వచ్చే గూడబాతులు ఆకాశంలో వరుస కట్టి ఎగరడం చూచినవారికి ఈ సూత్రం క్రొత్త కాదు. పక్షులలో ఎవరు గెలిచినట్లు అన్న ప్రశ్న పుట్టదు. మనుషులలో పుడుతుంది. చివరి గీత వద్ద ఒక్క చక్రమే ముందు ఉంటుంది కదా! ఆ చక్రం కొఱకు దారి పొడుగునా గాలిని కోసినవాడి పేరు ఎవరు పిలుస్తారు?

ఐరోపాలో ఈ పనివాడికి ఒక పేరున్నది. ఫ్రాన్సు దేశపు మహా పందెమైన టూర్ ద ఫ్రాన్స్‌ను నడిపిన ఆన్రి దెగ్రాంజ్ 1911లో మోరిస్ బ్రోకో అనే పందెగాడు ఇతరులకు సహాయపడుతున్నాడని కోపించి, అతనిని 'ఇంటి నౌకరు' అన్న అర్థం వచ్చే మాటతో ఎత్తిపొడిచాడు. ఆ తిట్టే క్రమంగా ఉద్యోగం పేరైంది. నేడు నాయకునికి నీళ్లసీసాలు మోసేవారు, గాలి కాచేవారు, అవసరమైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేవారు ఆ పేరుతోనే జీతాలు తీసుకొంటున్నారు. మన దేశంలో ముంబయి నుంచి పూణెకు జరిగే పందెంలో బోర్ ఘాటు ఎక్కవలసి ఉంటుంది. ముందుగా ఎక్కినవానిని ఘాటు రాజు అంటారు. అయితే అక్కడ రాజైనవాడు పూణెలోనూ ముందుంటాడన్న నియమం లేదు. కొండమీద ఒంటరి బలం చెల్లుతుంది. మైదానంలో మళ్లీ గాలి, మళ్లీ గుంపు.

ఒలింపిక్ క్రీడలలో 1960 మొదలు 1992 దాకా మరొక చక్కని పందెం ఉండేది. నలుగురు కలిసి సుమారు 100 కిలోమీటర్లు తొక్కాలి. లెక్కకు తీసుకొనేది మూడవవాడు గీత దాటిన కాలాన్ని. మొదటివాడు ఎంత మొనగాడైనా మూడవవాడు వచ్చేదాకా అతని వేగానికి విలువ లేదు. నాలుగవవాడు మాత్రం తన బలమంతా దారిలోనే ఖర్చుచేసి మధ్యలో నిలిచిపోవచ్చు. ఈ నియమం కల్పించినవాడు మనుషులను బాగా ఎరిగినవాడై ఉండాలి.

ఇక మా పందెం సంగతి. ఇరవై యేళ్ల క్రిందటి మాట. ఆగస్టు 15న పాఠశాలలో జెండా ఎగురవేసిన పిమ్మట ఊరి పెద్దలు సైకిలు పందెం పెట్టారు. కావలి పొలిమేర దాకా పోయి తిరిగి పాఠశాల గేటు చేరాలి. గెలిచినవాడికి క్రొత్త సైకిలు, రెండవవాడికి స్టీలు టిఫిన్ క్యారియరు. ఆ జూన్‌లోనే నేనూ, మా వీధిలోని నా స్నేహితుడూ కావలిలో ఇంటర్మీడియట్‌లో చేరాము. అతడు తెల్లవారి గొడ్లకు మేత వేసి, పాలు పితికి బయలుదేరేసరికి మొదటి బస్సు వెళ్లిపోయేది. తరువాతి బస్సులో చేరేసరికి రెండు పాఠాలు ముగిసేవి. రోజూ ఉచితంగా ఒక సైకిలు ఇచ్చే స్తోమత మా షాపుకూ లేదు. అందుచేత మా వీధి పిల్లలం నలుగురం ఒక ఒప్పందానికి వచ్చాము. మాలో అతడే బలశాలి. మిగిలిన ముగ్గురం అతని కొఱకు తొక్కాలి, సైకిలు అతనికి దక్కాలి. జీతం పుచ్చుకొని తొక్కే జట్టులో కాగితం మీద ఒప్పందం ఉంటుంది. మా వంటి జట్టులో ఉండేది నోటిమాట ఒక్కటే.

ముందురోజు రాత్రి అబ్బా లాంతరు వెలుగులో కూర్చుని అతనికీ నాకూ రెండు షాపు సైకిళ్లు సిద్ధం చేశారు. మడ్గార్డులు, స్టాండ్లు, క్యారియర్లు విప్పివేసి, చైన్లకు నూనె పెట్టి, బ్రేకులు సరిచేశారు.

ఇరవైమందికి పైగా బయలుదేరాము. మాకు భయం ఉన్నది ఒక్కని గురించే. ప్రక్క ఊరి నుంచి కావలికి రోజూ నిండు పాలకాన్లు సైకిలు మీద మోసే యువకుడు. అతని పిక్కలు చూస్తేనే సగం ధైర్యం జారిపోయేది. పోయేటప్పుడు గాలి వీపుమీద ఉండడంతో అందరూ వీరులే. తిరుగుముఖం పట్టగానే మా ఉపాయం అమలు చేశాము. మాలో ఒకడు హఠాత్తుగా ముందుకు దూకుతాడు. పాలవాడు తరుముకొని వెళ్లి పట్టుకొంటాడు. అతడు ఊపిరి తీసుకొనేలోగా రెండవవాడు దూకుతాడు. ఇట్లా నాలుగైదుసార్లు జరిగేసరికి మా వాళ్లిద్దరూ కాళ్లు చచ్చుబడి వెనుకబడ్డారు. వారి పని అంతవరకే. కాని పాలవాడు తెలివైనవాడు. మా సంగతి గ్రహించి, తరమడం మానివేసి, నా స్నేహితునికీ నాకూ వెనుక చేరి, తన వంతు గాలి కాయకుండా మా నీడలో తొక్కసాగాడు. తప్పు పట్టడానికి వీలులేదు. పందెంలో అదీ ఒక విద్యే.

ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా నా స్నేహితుని ముందు చక్రంలో సర్కారుతుమ్మ ముల్లు దిగింది. షాపువాడి కొడుకును కనుక ఆ బుస్సుమనే శబ్దం వినగానే తెలిసిపోయింది. అతడు చేయి పైకెత్తాడు. పిలవలేదు. పిలవవలసిన అవసరం లేదనుకున్నాడు. నేను దిగి నా సైకిలు అతనికి ఇవ్వాలి. ఒప్పందం అదే. సరిగ్గా ఆ క్షణాన పాలవాడు మమ్మల్ని దాటి దూసుకుపోయాడు. నేను వెనుదిరిగి చూశాను. ముందుకు చూశాను. ముందుకే పోయాను.

గెలిచి ఆ సైకిలు అతనికే ఇస్తానని పెడళ్లు త్రొక్కినంతసేపూ నాకు నేను చెప్పుకొన్నాను. అది అబద్ధమని ఇప్పుడు అనలేను, నిజమని అప్పుడూ నమ్మలేదు. జనం చూస్తుండగా ఒక్కసారి ముందు నిలవాలన్న ఆశ లోపల ఉన్నది. పాలవాణ్ణి పట్టుకొన్నాను. అతడు నవ్వి వేగం తగ్గించాడు, నేను ముందుకు పోయాను, అతడు నా వెనుక చేరాడు. మిగిలిన దారి అంతా ఆ పడమటి గాలిని నా రొమ్ముతో కోసి అతనికి దారి వేశాను. గేటు వంద అడుగులు ఉందనగా అతడు ప్రక్కనుంచి లేచి నన్ను దాటిపోయాడు. నా మిత్రునికి చేయవలసిన సేవను అక్షరాలా పాలవాడికి చేసిపెట్టాను. టిఫిన్ క్యారియరు పుచ్చుకొని ఇంటికి వచ్చాను. అమ్మీ మురిసిపోయి అందులో అన్నం సర్ది ఇవ్వబోతే వద్దన్నాను. అబ్బా ఏమీ అడగలేదు. పంక్చరైన చక్రాన్ని నీళ్లతొట్టి వద్ద పెట్టుకొని చాలాసేపు కూర్చున్నారు.

నా స్నేహితుడు ఆ సంవత్సరమే చదువు మానివేశాడు. ఆ సైకిలు లేనందువలననే మానాడని చెప్పలేను. ఇంటి ఇబ్బందులు వేరే ఉన్నాయి. లారీ మీద క్లీనరుగా వెళ్లి, డ్రైవరై, తరువాత కువైట్ చేరాడు.

తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజులలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో క్రీడలను గూర్చిన ఒక పుస్తకం తిరగవేస్తూ రెనె వియెట్టో కథ చదివాను. 1934 టూర్ ద ఫ్రాన్స్‌లో అతనికి ఇరవై యేళ్లు. కొండలు ఎక్కడంలో సాటిలేనివాడు. పిరెనీస్ పర్వతాలలో అతని నాయకుడు ఆంటోనిన్ మాన్య్ చక్రం దెబ్బతింటే తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చివేశాడు. ముందు చక్రం లేని సైకిలు ప్రక్కన రాతిగోడపై కూర్చుని కన్నీరు పెట్టుకొన్న అతని ఛాయాచిత్రం లోకప్రసిద్ధం. మరునాడు నాయకుడు మళ్లీ చిక్కుకొంటే, ముందున్న వియెట్టో వచ్చిన దారినే వెనుదిరిగి ఎదురువెళ్లి సహాయం చేశాడు. ఆ యేడు మాన్య్ గెలిచాడు, వియెట్టోకు అయిదవ స్థానం వచ్చింది. పుస్తకం మూసి, ఆ సాయంత్రం భోజనానికి కూడా వెళ్లలేదు. అతడు ఏడ్చాడన్న సంగతి నన్ను ఎక్కువగా పట్టుకొన్నది. చక్రం ఇచ్చినవాడు సంతోషంగా ఇచ్చాడని ఎవరూ అనలేదు!

ఒంటరిగా తొక్కినవారు గెలవరా అని మీరు అడగవచ్చు. గెలుస్తారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్త్రీల పందెంలో ఆస్ట్రియాకు చెందిన ఆనా కీసెన్‌హోఫర్ గెలిచింది. ఆమె ఏ జట్టులోనూ జీతానికి లేదు. గణితశాస్త్రంలో డాక్టరేటు పొందిన విదుషి. జెండా ఊపగానే నలుగురితో కలిసి ముందుకు పోయి, సుమారు 40 కిలోమీటర్లు ఉందనగా మిగిలినవారినీ విడిచి ఒంటరిగా సాగింది. వెనుక నెదర్లాండ్స్ జట్టులో నలుగురూ ప్రపంచ ప్రసిద్ధులే. ఒలింపిక్స్‌లో చెవిలో రేడియో పెట్టుకొనే వీలులేదు. దారిలో మిగిలిపోయిన ఇద్దరిని పట్టుకోగానే, ముందు ఇక ఎవరూ లేరనుకున్నారు. వారిలో రెండవస్థానం పొందిన ఆనెమీక్ ఫాన్ ఫ్లూటెన్ బంగారు పతకం తనదేననుకొని గీతవద్ద చేతులెత్తింది. నలుగురు హేమాహేమీలు ఉండీ వారికి ముందున్నవారి లెక్క తెలియలేదు. ఈ వార్త చదివి నేను మొదట సంతోషించాను, నన్ను నేను సమర్థించుకొనడానికి ఒక ఆధారం దొరికినట్లు. కాని ఆమె ఎవరికీ మాట ఇచ్చి తప్పలేదు. మొదటినుంచీ గాలిని తానే కాచింది.

నిరుడు నా స్నేహితుడు సెలవుమీద వచ్చాడు. మా షాపు ఎప్పుడో మూతపడింది. ఆ అరుగుమీద కూర్చుని టీ త్రాగుతూ, ఇరవై యేళ్లుగా అడగలేకపోయిన మాట అడిగాను. "ఆ రోజు నేను ఆగనందుకు నీకు కోపం రాలేదా?"

అతడు గట్టిగా నవ్వాడు. "ఒరే, నువ్వు సైకిలు ఇచ్చినా నేను గెలిచేవాణ్ణి కాదు. దాని సీటు నాకు ఎత్తు. కాలు అందేది కాదు."

పందెం ముందురోజు రాత్రి అబ్బా మా ఇద్దరినీ ప్రక్కప్రక్కన నిలబెట్టి, ఎవరి సైకిలు ఎవరికి అవసరమవుతుందో అంటూ, రెండు సీట్లనూ జానతో కొలిచి ఒకే ఎత్తుకు బిగించారు. లాంతరు పట్టుకొన్నది అతడే. నేను ఆ మాట ఎత్తలేదు. "టీ చల్లారిపోతున్నది, త్రాగు" అన్నాను.