మాట తెగని దారి

వై-ఫై యనియు, కంట్రోలరనియు నేను వ్రాయబూనుట చూచి "ఈమెకీ గొడవ యేల?" యని మీరు నవ్వవచ్చును. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే అమరమును, రఘువంశమును, తిక్కనగారి భారతమును చెప్పిరి. యంత్రముల సంగతి నాకు తెలియదు. అయినను గడచిన శ్రావణమాసమున నొక బాలిక నా చేయి పట్టుకొని కార్చిన కన్నీరు నాచేత నీ విద్యను కొంత నేర్పించినది.

మావారు గోదావరి సీమలో నొక వసతి పాఠశాలయందు భౌతికశాస్త్రోపాధ్యాయులు. ఆవరణము విశాలమైనది. తరగతుల మేడ, గ్రంథాలయము, బాలుర వసతిగృహము, ఆటస్థలము ఒక వంక. భోజనశాల, బాలికల వసతిగృహము, మా యిండ్ల వరుస మరియొక వంక. అచ్చట సెల్‌ఫోను సంకేతము మిక్కిలి సన్నము. కావున ఫోను మాటలును వై-ఫై మీదుగనే సాగును. భౌతికశాస్త్రము చెప్పువారే గదా యని ఆ వై-ఫై భారమును గూడ మావారి తలమీద బెట్టిరి.

ఒకనాటి సాయంకాలము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మా యింటికి వచ్చినది. పట్టణపు టాసుపత్రిలో ఆమె తల్లికి శస్త్రచికిత్స జరుగుచుండెను. విద్యార్థుల యొద్ద ఫోనులుండవు గనుక నా ఫోనునిచ్చితిని. తండ్రి మాటలాడుచుండగా వసతిగృహమునకు చేరవలసిన వేళ యైనది. మాటలాడుచునే నడువుమని నేనును వెంట బయలుదేరితిని. "డాక్టరుగారు బయటికి వచ్చి యేమనిరనగా" అన్నంతవరకు తండ్రి మాట వినబడెను. మేము భోజనశాల మూల తిరిగితిమి. మాట తెగిపోయెను.

మరల పిలుచులోపల పెద్ద యురుము ఉరిమి, దీపములారిపోయెను. గాలివానకు ఊరి సెల్‌టవరును మూగవోయెను. జనరేటరు వేయగా దీపములు వెలిగినవి గాని వై-ఫై రాలేదు. "అమ్మగారూ, నాన్న కావలెనని ఆపివేసినాడా? చెప్పరాని మాటయా?" యని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. ఆమె యా రాత్రి అన్నము ముట్టలేదు. అర్ధరాత్రమున మావారు కార్యాలయములో తీగతో కలిపిన కంప్యూటరునుండి తండ్రిని పిలువగా తల్లి క్షేమమని తెలిసినది. అనగా బయటినుండి వచ్చు ఇంటర్నెట్టు చక్కగనే యున్నది. కుండలో అన్నమున్నది, వడ్డించు గరిటె విరిగినది.

ఆనాడు మాట తెగుటకును, ఆ పిమ్మట వై-ఫై యంతయు పోవుటకును కారణములు వేరువేరు. మావారు చెప్పగా నేను గ్రహించినంతవరకు మీకు చెప్పెదను.

గోడలమీద తెల్లని పళ్లెములవలె నుండు యాక్సెస్ పాయింట్లు ఫోనులతో మాటలాడునవి. ఏది యే చానెలున పలుకవలెనో, ఎంత బలముతో పలుకవలెనో, ఎవరిని లోనికి రానీయవలెనో యేర్పరచునది కంట్రోలరు. ఒక పాయింటు నీడ విడిచి మరియొకదాని నీడకు ఫోను మారుటను రోమింగందురు. మొదటి కంట్రోలరు పడిపోయినపుడు రెండవది పని నందుకొనుటను ఫెయిలోవరందురు.

నేను మరునాడడిగితిని: "రెండవ కంట్రోలరు కొంటిమని మీరు చెప్పలేదా? అది యేమైనది?" మావారు తలవంచుకొని నాలుగు లోపములు చెప్పిరి. రెండు కంట్రోలర్లును ఒకే గదిలో, ఒకే యూ.పీ.ఎస్. మీద నుండెను. అది చెడగా రెండును ఒక్కసారిగ నారినవి. జనరేటరు వచ్చిన పిమ్మట మొదటిది లేవలేదు. రెండవది లేచెను గాని దాని సాఫ్ట్‌వేరు పాతది. మా పాయింట్లు తమ కంట్రోలరుతో సమానమైన సాఫ్ట్‌వేరు లేనిదే పనిచేయవు. ఒక్కొక్కటి పాతదానిని దింపుకొని, ఆరి, మరల వెలుగవలసి వచ్చెను. మూడవది, ఆవరణములో పాయింట్లు 42 కాగా రెండవ కంట్రోలరునకు కొన్న అనుమతులు 25 మాత్రమే. తక్కిన 17 గుమ్మము బయట నిలిచిపోయినవి. బాలికల వసతిగృహమును, మా యిండ్లును ఆ పదునేడింటిలోనివే. నాలుగవది యన్నింటికంటె పెద్దది: ఆ రెండవదానిని ఎన్నడును పరీక్షించి చూడలేదు.

కురుసేనకు భీష్ముడు 10 దినములు, ద్రోణుడు 5 దినములు, కర్ణుడు 2 దినములు, శల్యుడు పూటకాలము సేనాపతులైరి. ఒకరు పడిన పిదప "ఇక నెవరు?" అను ప్రశ్న యుద్ధము నడుమ పుట్టెను. వై-ఫైలో నట్లు పుట్టరాదు. ప్రతి పాయింటునకును మొదటి యేలిక యెవరో, రెండవ యేలిక యెవరో ముందే వ్రాసియుంచవలెను. పాయింటు కొలది సెకనుల కొకసారి కంట్రోలరును "ఉన్నావా?" యని పలుకరించును. కొన్నిమార్లు బదులు రాకున్న రెండవదానిని చేరును. ఈ మార్పున కొంతసేపు మాట తెగును. ఒకదాని జ్ఞాపకమంతయు ఎప్పటికప్పుడు రెండవదానిలో వ్రాయుచు, తెగకుండ చేయు పద్ధతియు గలదు గాని దానికి వ్యయము హెచ్చు. మా పాఠశాల మొదటి పద్ధతితోనే తృప్తిపడినది.

ఇక భోజనశాల మూల సంగతి. ఏ పాయింటును ఎప్పుడు విడువవలెనో నిర్ణయించునది కంట్రోలరు గాదు, ఫోనే! ఇది విని నేనాశ్చర్యపడితిని. మావారు మొదట పాయింట్ల బలమును మిక్కిలి పెంచియుంచిరి. దూరము పోయినను మా యింటి పాయింటు కేక ఫోనునకు వినబడుచునేయుండెను. ఫోను సన్నని గొంతు మాత్రము పాయింటునకు చేరలేదు. కావున ఫోను పాతదానినే పట్టుకొని వ్రేలాడెను. నడుమ భోజనశాల దళసరి గోడ, నీళ్లతొట్టి. ఆవలి పాయింటు నీడలోనికి పోవునప్పటికి మాట చచ్చెను. మాటలకై యేర్పరచునపుడు సంకేతము ఋణ 67 డీబీఎం కంటె తగ్గకుండ చూచుటయు, ఒకదాని నీడ మరియొకదానిపై కొంత పరచుకొనునట్లు చేయుటయు ఈ విద్య తెలిసినవారి వాడుక. మాట ఆ వైపునకు చేరుటకు సెకనులో వేయింట 150 వంతులకు మించి పట్టరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సూచన. క్రొత్త గుమ్మమున పేరు, గుర్తు మొదటినుండి యడుగుచు నిలిపిన నంతలో ముగియదు. అందుకై 2008లో 802.11ఆర్ అను ప్రమాణము వచ్చినది. దానివలన తాళపుచెవి ముందే సిద్ధమగును. అదే యేట వచ్చిన 802.11కే ఇరుగుపొరుగు పాయింట్ల జాబితాను ఫోనున కందించును. 2011 నాటి 802.11వీ "ఇటు పొమ్ము" అని సలహా చెప్పును. కొన్ని పాత ఫోనులు వీనిని సహింపవు. కావున పరీక్షింపక యంతటను పెట్టరాదు.

మావారు క్రొత్త ప్రణాళిక గీసి నాకు చూపిరి. రెండు కంట్రోలర్లును ఎల్లప్పుడు పనిచేయుచుండును. ఒకటి కార్యాలయమున, ఒకటి గ్రంథాలయమున, వేరు యూ.పీ.ఎస్.లతో. ఒక్కొక్కటి సగము పాయింట్లను మోయుచున్నను, అవసరమైనచో 42 ను మోయుటకు అనుమతులు గలవు. సాఫ్ట్‌వేరు రెంటను సమానము. ఫోనులకు చిరునామా లిచ్చు యంత్రమును, పేరు చూచి లోనికి విడుచు యంత్రమును గూడ జంటగనే పెట్టిరి. అవి యొంటివైనచో కంట్రోలర్లు రెండుండియు లాభము లేదు గదా.

పటము చక్కగనే యున్నది. కాని రెండు కంట్రోలర్ల యేలుబడులను వేరుచేయు గీత మా యిండ్లకును బాలికల వసతిగృహమునకును నడుమ పోవుచుండెను. "ఈ గీతను చూచి గీసితిరా, నడచి గీసితిరా?" యని యడిగితిని. ఇండ్లకు బాలికలు వచ్చు దారి, వంటవారు పాలు తెచ్చు దారి, జ్వరము వచ్చిన పిల్లను తీసికొనిపోవు దారి అన్నియు ఆ గీతను దాటునవే. ఒక యేలికనుండి మరియొక యేలికకు మారుట ఒకే యేలిక క్రింద మారుటకంటె కష్టమని వారే చెప్పియుండిరి. వారొక నిమిషము మౌనముగ నుండి, గీతను చెరిపి, ఆటస్థలము మీదుగ గీసిరి. అచ్చట ఫోను చేత పట్టుకొని నడుచువారు లేరు. భోజనశాల వసారాలో నొక క్రొత్త పాయింటు పెట్టి, తక్కినవాని బలమును తగ్గించిరి.

ఒక యాదివారము నాలుగు గంటలకు, ముందుగ నందరికిని చెప్పి, మావారు మొదటి కంట్రోలరు తీగను లాగివేసిరి. మా గోడమీది పాయింటు దీపము రంగు మారినది. నేను గడియారము చూచుచు నిలిచితిని. రెండు నిమిషములు నిండకమునుపే అది మరల నిలకడగ వెలిగినది. నాటినుండి ప్రతి నెలయు మొదటి యాదివారమున నిట్లే చేయుచున్నారు. వాడి చూడని రెండవది యుండియు లేనిదే.

ఆ సాయంకాలమే, ఆ తీగను పెట్టకముందే, ఆ బాలికను పిలిచి ఫోనునిచ్చితిని. తల్లి యిల్లు చేరి కోలుకొనుచున్నది. ఇద్దరమును వసతిగృహము వైపు నడచితిమి. పిల్ల నవ్వుచు, "అమ్మా, గోంగూర పచ్చడి ఈసారి కారము తగ్గించి పంపుము" అని చెప్పుచున్నది. నా గుండె మాత్రము భోజనశాల మూల సమీపించుకొలది కొట్టుకొనుచుండెను. ఆ మూల తిరిగితిమి. పచ్చడి మాట ముగిసి, తమ్ముని చదువు మాట మొదలయినది. ఆ మూల దాటినట్లు ఆమెకు తెలియనే లేదు.