మిల్టన్‌కి ఎవరూ చెప్పలేదు

మైక్ జడ్జ్ తీసిన ‘ఆఫీస్ స్పేస్’ (1999) మొదటిసారి చూసేనాటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇనిటెక్ అనే కంపెనీలో పీటర్ పని, బ్యాంకుల సాఫ్ట్‌వేర్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం. మనవాళ్ళని ఎంతోమందిని అమెరికా చేర్చిన వైటూకే పనే అది! రిపోర్టుకి కవర్ షీటు పెట్టలేదని బాసులు ఒకరి తర్వాత ఒకరొచ్చి అదే మాట చెప్తుంటే పొట్ట పట్టుకుని నవ్వాను.

మొన్న మళ్ళీ చూశాను. ఈసారి మిల్టన్ దగ్గర ఆగిపోయాను. ఎర్ర స్టేప్లర్ కోసం గొణుక్కునే మిల్టన్‌ని ఎప్పుడో తీసేశారు. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు, పొరపాటున జీతం పడుతూనే ఉంది. కన్సల్టెంట్లు అది కనిపెట్టి జీతం ఆపిస్తారు. అప్పుడూ చెప్పరు. బాసు లంబర్గ్ కూడా చెప్పడు. అతని బల్లని బేస్‌మెంట్‌లోకి తోసి, అక్కడి బొద్దింకల సంగతి చూడమంటాడు.

నవ్వు రాలేదు. పోయినేడు మా టీంలో ఒకతని పేరు లిస్టులో ఉందని నాకు రెండు వారాల ముందే తెలుసు. రోజూ కలిసే టీ తాగాం. “అన్నా, ఇల్లు మారుతున్నా, అడ్వాన్స్ ఇచ్చేశా” అన్నాడో రోజు. “మంచిది” అన్నాను. చెప్పకూడదని రూలుంది, నిజమే. రూలు లేకపోతే చెప్పేవాణ్ణా?

లంబర్గ్ గొంతు పెంచడు. కాఫీ కప్పుతో నెమ్మదిగా వస్తాడు. ఇబ్బందైన మాట తన నోటివెంట రాకుండా చూసుకుంటాడు, అంతే. ఇన్నాళ్ళూ నేను పీటర్‌ననుకుని నవ్వాను.